పసిఫిక్ సముద్రమున మా యుద్ధము

ఉపాధ్యాయులు శనివారపు సాయంకాలములయందు ఏమి చేయుదురని విద్యార్థులు తమలో తాము ఊహించుకొనుట సహజము. పరీక్షా పత్రములు దిద్దుదురని కొందఱు, నిద్రించుదురని కొందఱు తలంతురు. మా విషయమున నిజమేమనగా, రెండు సంవత్సరములుగా మేము శనివారము సాయంకాలమున జపానుదేశపు నౌకాదళముతో యుద్ధము చేయుచున్నాము. ఈ సంగతి వసతిగృహ బాలుర మూలమున ఇదివఱకే బడియంతట ప్రాకినది గనుక, పత్రికా సంపాదకవర్గమువారు దానినే వ్యాసముగా వ్రాసి యిమ్మని కోరిరి. కొందఱు పెద్దలకు ఈ ఆటపై అభ్యంతరము కలదని మేమెఱుగుదుము. దానినిగూర్చియు ఇందు చెప్పెదము.

ఆట పేరు ‘వార్ ఇన్ ది పసిఫిక్: అడ్మిరల్స్ ఎడిషన్’. గ్యారీ గ్రిగ్స్‌బీయు ఆయన సహచరులును రూపొందింపగా 2004లో వెలువడిన ఆటను విస్తరించి 2009లో దీనిని ప్రకటించిరి. తుపాకి చేతబట్టి తెరపై పరుగులిడు ఆట యిది కాదు. అట్టి ఆటకై మా యింటికి వచ్చిన బాలు రిద్దఱు పావుగంటలో ఆవులించి వెడలిపోయిరి. ఇందు తెర నిండ ఒక పటము కలదు. పడమట మన హిందూదేశము, తూర్పున అమెరికా పశ్చిమతీరము, ఉత్తరమున అల్యూషియను దీవులు, దక్షిణమున ఆస్ట్రేలియా, న్యూజిలాండులు. ఈ జలరాశినంతను ఆరుకోణముల గళ్ళుగా విభజించిరి. ఒక్కొక్క గడి వెడల్పు 40 నాటికల్ మైళ్ళు. ఒక్కొక్క వంతు ఒక్క దినము. పర్ల్ హార్బరుపై దాడి జరిగిన 1941 డిసెంబరు 7వ తేదీన ఆట ఆరంభమగును. ఆనాటినుండి టోక్యో అఖాతమున ‘మిస్సోరి’ నౌకపై జపాను లొంగుబాటు పత్రమున సంతకముచేసిన 1945 సెప్టెంబరు 2వ తేదీ వఱకు 1,365 దినములు. శనివారమునకు ఆఱేడు వంతులు మాత్రమే ఆడు మాకు ఇది ముగియుటకు నాలుగు సంవత్సరములు దాటును. అసలు యుద్ధమే మాకంటె త్వరగా ముగిసినది.

మేము మిత్రరాజ్యముల పక్షము వహించితిమి. జపాను పక్షమును కంప్యూటరు వహించినది. ఏ ఓడ ఏ రేవునుండి బయలుదేరవలెనో, ఏమి మోసికొని పోవలెనో, ఏ విమానములు ఎంత దూరము వెదకవలెనో మేము ఉత్తరువు లిత్తుము. పిమ్మట మీట నొక్కినచో ఆ దినమంతయు దానంతట అదే జరిగిపోవును. నడుమ చేయిపెట్టుటకు వీలు లేదు. పబ్లిక్ పరీక్షకు కుమారుని లోపలికి పంపి గేటువద్ద నిలిచియున్న తండ్రికిని, మీట నొక్కిన పిమ్మట తెరవంక చూచుచున్న మాకును భేదము లేదు. చెప్పవలసినదంతయు ముందే చెప్పి యుండవలెను. చెప్పనిది ఇక లోపలికి పోదు.

మొదటి నెలలలో మాకు ఆశ్చర్యము కలిగించినది యుద్ధము గాదు, చమురు. యుద్ధమనగా ఫిరంగులు, విమానములు, జెండాలు అని తలంచు బాలుడు ఈ ఆట ముందు కూర్చుండినచో మొదట నేర్చుకొనునది సరకుల రవాణా. ముడిచమురు వేఱు, శుద్ధిచేసిన ఇంధనము వేఱు, ఆహారము, మందుగుండు మొదలగు సామగ్రి వేఱు. వీనిలో ఏది లేకున్నను ఎంత గొప్ప యుద్ధనౌకయైనను రేవున కట్టిన పడవవలె కదలక యుండును. జపాను యుద్ధమునకు దిగుటకు కారణమే ఇది. తనకు కావలసిన చమురులో ఐదింట నాలుగు పాళ్ళవఱకు అది అమెరికానుండి కొనుచుండెను. 1941 నడిమి మాసములలో అమెరికా ఆ వర్తకమును నిలిపివేసెను. అందుచేత జపాను సేనలు డచ్చివారి తూర్పు దీవులపై దృష్టి నిలిపి, 1942 ఫిబ్రవరిలో సుమత్రాలోని పాలెంబాంగు చమురుబావులను, శుద్ధి కర్మాగారములను పట్టుకొనెను. పట్టుకొనుట ఒక యెత్తు. ఆ చమురును తైలనౌకలలో వేలకొలది మైళ్ళు ఇంటికి చేర్చుట మఱియొక యెత్తు. ఆ దారిలో అమెరికా జలాంతర్గాములు కాచియుండెను. తుదకు జపాను చేతులుడిగినదనిన, దాని తైలనౌకలు సముద్రగర్భమున చేరుట అందుకు ముఖ్యకారణములలో నొకటి.

తొమ్మిదవ తరగతి బాలు డొకడు మొదటినుండియు మా ప్రక్కన కూర్చుండి చూచుచున్నాడు. ఒకనాడు అతడు, “మాస్టారూ, యుద్ధము చేయుటకు చమురు కావలెనండి. చమురుకొఱకే యుద్ధమండి. ఆ చమురు తెచ్చు ఓడకును మరల చమురే కావలెను గదండీ!” అనెను. భూగోళమున ఖనిజసంపదను మేము పదునెనిమిది సంవత్సరములుగా బోధించుచున్నాము. ఈ ప్రశ్న ఏ తరగతిలోను రాలేదు.

ఆటను కూర్చినవారి నిజాయితీకి ఒక దృష్టాంతము చెప్పవలెను. యుద్ధారంభమున అమెరికా జలాంతర్గాముల టార్పెడోలు చెడ్డవి. నిర్ణయించిన లోతుకంటె సుమారు పదియడుగులు క్రిందుగా పోవుచుండెను. తగిలినను కొన్ని ప్రేలకుండెను. 1943 నడుమవఱకు, ఆ పిమ్మట కొన్నాళ్ళును ఈ లోపము తీరలేదు. కోరినచో ఈ లోపము లేకుండను ఆడుకొనవచ్చును గాని, మేము ఉన్నది ఉన్నట్లుగనే ఉంచితిమి. మా జలాంతర్గామి మూడు దినములు పొంచియుండి, శత్రునౌకను సమీపించి, నాలుగు టార్పెడోలు వదలినను, ఒకటియు ప్రేలలేదని తెరపై వ్రాయబడును. మా బాలురు విశాఖపట్టణమున ప్రదర్శనశాలగా ఉంచిన ‘కుర్సురా’ జలాంతర్గామిలోనికి పోయి చూచినవారు. ఆ ఇనుపగొట్టములో ఒక్కొక్కరుగా తలవంచి నడచినవారు గనుక, “ప్రేలలేదు” అను మాటకు అర్థమేమో వారికి వేఱుగా చెప్పనక్కఱలేకపోయెను. ఆ యుద్ధమున అమెరికా 52 జలాంతర్గాములను పోగొట్టుకొనెను.

ఇక మా ప్రతిపక్షియైన కంప్యూటరును గూర్చి. అది ఎట్టి విద్యార్థియని మమ్మడిగినచో, బట్టీపట్టిన విద్యార్థి యందుము. ఆటను రచించినవారు దానికి ముందుగనే కొన్ని ప్రణాళికలు వ్రాసి యిచ్చిరి. ఇన్నవ నెలలో ఈ దీవిపై పోవలెను, ఇంత సేనను కూర్చవలెను, ఇది దొరకినపిదప దానికి పోవలెను అని వానిలో ఉండును. ప్రశ్న గైడులోనున్నట్లే వచ్చినచో ఆ విద్యార్థి శతమార్కులు తెచ్చుకొనును. మొదటి నాలుగు నెలలు అది మమ్ము పెట్టిన బాధ యింతంత గాదు. మలయా పోయెను, సింగపూరు పోయెను, జావా పోయెను. అలయదు, విసుగదు, అర్ధరాత్రియైనను కనురెప్ప వాల్చదు. కాని ప్రశ్న తిరుగవేసితిమా, అదే జవాబు మరల వ్రాయును. న్యూగినీలోని మోర్స్‌బీ రేవుపై అది సేనల నెక్కించిన రవాణానౌకలను పంపెను. మా విమానములు వానిని ముంచెను. పది దినములైన పిమ్మట అదే దారిన మఱికొన్నిటిని పంపెను. అవియు మునిగెను. మూడవసారియు పంపెను.

పులిజూదమున మేకలతో పులిని కట్టివేయ నేర్చిన పల్లెటూరి ముసలివాడు సయితము రెండవసారి ఆ దారి త్రొక్కడు. ముసలివానికి పోయిన మేక జ్ఞాపకముండును. యంత్రమునకు లెక్కయే కాని పోగొట్టుకొనుట యనునది లేదు. బాలురు మూడవసారి చప్పట్లు కొట్టిరి. మాకు మాత్రము ఆ గెలుపు గెలుపుగా తోచలేదు.

ఆ దినమున తెరపై వచ్చు నివేదికను మొదటిసారి శ్రద్ధగా చదివితిమి. ఫలానా ‘మారు’ అను ఓడకు రెండు టార్పెడోలు, మిక్కిలి నష్టము, మంటలు. ఓడలోని సేనలో ఇన్ని వందలమంది హతులు, క్షతగాత్రులు. ఇంతవఱకే. ఈ ఆట లెక్కించు పద్ధతి విచిత్రమైనది. విమానచోదకునికి పేరు కలదు. అతడు కూల్చిన విమానముల లెక్కయు కలదు. నౌకాధిపతికి పేరు కలదు. ఓడపై పోవు సిపాయిల కొక అంకె కలదు. ఓడను నడపు నావికులకు, బొగ్గు వేయువానికి, వంటవానికి, కళాసీకి ఏమియు లేదు. నావికుల కందఱికిని కలిపి పగటి నైపుణ్యమున కొక అంకె, రాత్రి నైపుణ్యమున కొక అంకె. ఓడ మునుగగనే ఆ అంకెలును పోవును. ఎదుటిపక్షమునకు కొన్ని పాయింట్లు చేరును. మా ఊరు రేవుకు చేరువ. సరంగులు, కళాసీలు ఉన్న ఇండ్లనుండి మా బడికి బాలురు వత్తురు. వారి ముందర ఈ లెక్కను చూపుట మాకు కొంత కష్టముగా నుండెను.

ఆ కాలమునందే మా సంఘపు పెద్దలలో నొకరు ఆరాధనానంతరము మమ్ము ప్రక్కకు పిలిచి, “ఏమండీ మాస్టారూ, ఆదివారపు బడిలో కొండమీది ప్రసంగము చెప్పెదరు, శనివారము ఓడలు ముంచెదరు. పిల్లలు దేనిని పట్టుకొందురు?” అని మెల్లగా అడిగిరి. ఆయన కోపముతో అడుగలేదు గనుక ఆ మాట మా మనస్సున నిలిచినది. చదరంగములో ఏనుగులు, గుఱ్ఱములు, కాల్బలము రోజును చచ్చుచున్నవి, దానిని ఎవరును తప్పుపట్టరు గదా యని జవాబు చెప్పవచ్చును. మేము చెప్పలేదు. చదరంగపు బంటునకు తల్లి లేదు. ఈ ఆటలోని ఓడలలో అధికభాగము నిజముగా నుండినవి. వానిలో నిజమైన మనుష్యులు ఎక్కిరి. అనేక నౌకలనుండి వారు దిగిరాలేదు. అందుచేత పెద్దగారి ప్రశ్న చదరంగమునకు అంటకున్నను మా ఆటకు అంటును. ఆటను మాన్పించుట సులభము. కాని మా బాలురు సెల్‌ఫోనులలో ఏ పేరును లేని సైనికులను గంటకు నూఱుమందిని కాల్చుచుండగా, పేరుగల ఓడలున్న ఆటను మాన్పుట మాకు సరియైన విరుగుడుగా కనబడలేదు.

తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. ఓడ పేరు తెలిసినది, మనుష్యులు తెలియనివారు. కనుక ఒక నియమము చేసితిమి. మా ఆటలో ఏ పక్షపు ఓడ మునిగినను, మఱుసటి వంతు ఆడుటకు ముందు ఆ ఓడ అసలు యుద్ధమున ఏమాయెనో వెదకి, ఒక నోటుపుస్తకమున వ్రాయవలెను. ఓడ పేరు, తేదీ, స్థలము, దానియందున్నవా రెందఱు, తిరిగి వచ్చినవా రెందఱు: ఇవి వరుసలు. వ్రాయువాడు పైని చెప్పిన తొమ్మిదవ తరగతి బాలుడు. దస్తూరి చక్కగా ఉండదు. కాని మొండివాడు, దొరకువఱకు విడువడు.

ఈ నియమము పెట్టిన పిమ్మట ఆట మిక్కిలి మందగించెను. కొన్ని శనివారములు వ్రాతకే సరిపోయెను. సాల్మన్ దీవులచెంత మాకు ‘జూనో’ అను చిన్న క్రూయిజరు పోయెను. మునుపైనచో ఒక నిట్టూర్పు విడిచి మీట నొక్కియుందుము. బాలుడు వెదకి తెచ్చిన సంగతి యిది. 1942 నవంబరు 13వ తేదీన గ్వాడల్‌కెనాలు సమీపమున రాత్రియుద్ధములో దెబ్బతిని పోవుచున్న ఆ ఓడను ఒక జపాను జలాంతర్గామి టార్పెడోతో కొట్టెను. ఓడ క్షణములలో ప్రేలి మునిగెను. ఎవరును బ్రదికియుండరని తలంచి, మఱల దాడి జరుగునను భయమున తోటి నౌకలు ఆగక సాగిపోయెను. నీటిలో సుమారు నూఱుమంది బ్రదికి యుండిరి. సహాయము దినములు గడచిన పిమ్మట వచ్చెను. ఓడలోనున్న దాదాపు ఏడువందలమందిలో పదిమంది దక్కిరి. పోయినవారిలో అయోవా రాష్ట్రమునకు చెందిన సలివన్ వంశపు అన్నదమ్ములు అయిదుగురు, ఒక్క తల్లి బిడ్డలు, కలరు. బాలుడు అయిదు పేర్లను వరుసగా వ్రాసెను: జార్జి, ఫ్రాన్సిస్, జోసెఫ్, మాడిసన్, ఆల్బర్టు. వసతిగృహములో అన్నతో కలిసి ఒకే పెట్టె వాడుకొను పిల్లవాడొకడు ఆ పుటను చాలసేపు చూచెను. ఆ సాయంకాలము ఇక ఆట సాగలేదు.

నోటుపుస్తకమే మమ్ము పసిఫికునుండి మన తీరమునకు తెచ్చినది. మా ఆటలో బ్రిటిషువారి ‘హెర్మిస్’ అను చిన్న విమానవాహక నౌక 1942 జూనులో ఒక జలాంతర్గామి వాత బడెను. అసలు కథ వెదకబోయిన బాలుడు పరుగున వచ్చి, “మాస్టారూ, ఇది మన ప్రక్కనేనండి!” అనెను. 1942 ఏప్రిల్ 5వ తేదీ, పునరుత్థానపు ఆదివారము. నగూమో అడ్మిరలు అయిదు విమానవాహక నౌకలతో వచ్చి ఆ ఉదయమున కొలంబోపై దాడిచేసెను. ముందునాడు బర్చల్ అను కెనడా వైమానికుడు ఆ దళమును సముద్రముపై చూచి వార్త పంపుచుండగనే అతని విమానమును కూల్చిరి. ఆ ఆదివారమే ‘డార్సెట్‌షైరు’, ‘కార్న్‌వాల్’ అను రెండు క్రూయిజర్లు మునిగెను. 424 మంది చనిపోయిరి. మిగిలినవారు ముప్పది గంటలకు పైగా నీటిలో నుండి దక్కిరి. 9వ తేదీన తిరుకోణమలపై దాడి. ఆనాడే ‘హెర్మిస్’ 307 మందితో మునిగెను. ఇదే సమయమున ఒజావా అడ్మిరలు మఱియొక దళముతో బంగాళాఖాతమున చొచ్చి, కొలది దినములలో ఇరువదివఱకు వర్తకనౌకలను ముంచెను. ఏప్రిల్ 6వ తేదీన అతని విమానములు కాకినాడపైనను, విశాఖపట్టణముపైనను బాంబులు వేసెను.

బాంబులు పడినవని మా బాలు రందఱు వినియున్నారు. కాని అది పాఠ్యపుస్తకములోని పసిఫిక్ యుద్ధమునకు చెందిన సంగతియని వారెన్నడు తలంపలేదు. మా ఆటలో యంత్రము కొలంబోకు రానే లేదు. ఆ నెలంతయు మేము నౌకాదళమును మాల్దీవుల దక్షిణపు కొననున్న అడ్డు దీవులచాటున దాచి కాచుకొని యుంటిమి. అసలు యుద్ధమున సోమర్విల్ అడ్మిరలు అచ్చటనే తన దళమునకు ఇంధనము పట్టించుకొనెను. తెరపై మన తీరము ప్రశాంతముగా నుండెను. కాకినాడ రేవున ఏ ఓడయు మండలేదు.

ఇచ్చట మా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. మా తాతగారు రంగూను రేవున బస్తాలు మోసిన కూలి. మన తీరమునుండి పోయిన తెలుగువారిని కోరంగి రేవు పేరిట బర్మాలో కొరంగీలనిరి. 1941 డిసెంబరు 23వ తేదీన, తిరిగి క్రిస్మసు దినమున, రంగూనుపై బాంబులు పడెను. ఆరాధననుండి వచ్చుచు తాతగారు ఒక కాలువలో పడుకొని రెండవ దాడిని తప్పించుకొనిరి. పిమ్మట ప్రోము వఱకు, అచ్చటినుండి అరకాను కొండలు దాటి టౌంగుప్పు వఱకు నడచిరి. నీరు లేదు; దారి పొడవున కలరా. పడవమీద అక్యాబు, ఓడమీద చిట్టగాంగు చేరిరి. మొత్తము రెండు నెలలు పట్టెనని చెప్పెడివారు. ఎవరెవరు వెంట బయలుదేరిరో చెప్పెడివారు. ఎవరు చేరిరో అడిగినచో లేచి పోయెడివారు. మా యింటి ముందు ఏ బాటసారి పోయినను “నీళ్ళు త్రాగితివా నాయనా?” అని అడుగుట మాత్రము చివఱవఱకు మానలేదు.

ఆటలో రంగూను ఒక గడి. రేవు, విమానాశ్రయము, కోట, సామగ్రి, వీనికి అంకెలు కలవు. రేవుకూలీలకు అంకె లేదు. పట్టణము పడిపోవుటకు ముందు మేము సేనలను ఓడలలో ఎక్కించి తీయవచ్చును, విమానములను కలకత్తాకు తీయవచ్చును. లక్షలకొలది జనులు నడచిన ఆ కొండదారిన మాకు ఉత్తరువు లిచ్చుటకు ఏమియు లేదు. అసలు రంగూను 1942 మార్చి 8న జపానువారి వశమాయెను. మా ఆటలో మే నెల చివఱవఱకు నిలిచెను. మేము తాతగారి సంగతి బాలురకు చెప్పినది ఆ సందర్భముననే. మొండివాడు కొంత ఆలోచించి, “అయితే మాస్టారూ, మీరు రంగూనును పోనీయకుండ నిలుపుకొని యున్నచో తాతగారు తిరిగి వచ్చెడివారు కారు గదండీ? ఆయన రాకున్నచో మీరు...” అని ఆగిపోయెను. తక్కినవారు నవ్విరి. మేమును నవ్వితిమి. కాని ప్రశ్న న్యాయమైనదే. మామ్మగారితో వివాహము జరిగినది ఆయన తిరిగి వచ్చిన యేడాదికి.

అతడు తెరపై రంగూనునుండి చిట్టగాంగు వఱకు గళ్ళు లెక్కించెను. సూటిగా పోయినచో పది, పదునొకండు. విమానదళము ఒక వంతులో దాటును. తరువాత నోటుపుస్తకము తెఱచి, ఇది ఎచ్చట వ్రాయవలెనని అడిగెను. ఓడ పేరు అను వరుసలో ఏమి వ్రాయవలెనో అతనికి తోచలేదు. ఖాళీగా విడువుమంటిమి. స్థలము అనుచోట ప్రోము, టౌంగుప్పు అని వ్రాసెను. బయలుదేరినవా రెందఱు అనుచోట, మా తాతగారు చెప్పిన లెక్క ప్రకారము తొమ్మండుగురని వ్రాసెను. తిరిగి వచ్చినవా రెందఱు అనుచోట ఒకరని వ్రాసి, మావంక చూచి, ప్రక్కన చిన్న ప్రశ్నార్థకము పెట్టెను.

మా ఆట ఇప్పుడు 1943 జూలై 11వ తేదీన నిలిచియున్నది. వార్షిక పరీక్షలు ముగియువఱకు మీట నొక్కము. నోటుపుస్తకము నూటపదునాలుగవ పుటకు వచ్చినది. దానిని చూడగోరువారు శనివారము నాలుగు గంటల పిమ్మట మా యింటికి రావచ్చును.